ముప్పై రెండు పక్కన బాణం

ముందు మీరు చెప్పండి. ఏం చూశారు?

పొద్దున వెళ్ళి మీ ఆఫీసు బల్ల ముందు కూర్చున్నారు. బల్ల మీద ఫోను ఉంది. ఫోను నుదుటి మీద చిన్న అద్దం, అందులో టైము, తేదీ. ఆ అద్దం కింది మూల ఇంకో గుర్తు ఉంది. ఏమిటది? చూడలేదంటే నేను ఊరుకోను. రోజూ ముఖం పెట్టి చూసే అద్దం అది. బియ్యపు గింజంత బాణం. ఎవరి ఫోనో మీ గదికి మళ్ళించి ఉందని దానర్థం.

ఆ బాణం కోసమే ఇదంతా రాస్తున్నాను. కథ కావాలంటే కథ అనుకోండి. భయపడాలని చదివితే భయపడండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చివరిదాకా చదివి నాకు జవాబు చెప్పాలి.

నేను ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీలో టెలిఫోన్ బోర్డు మీద పని చేశాను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. కూలీల నుంచి గుమాస్తాల దాకా అందరికీ బోర్డక్కనే. పై అంతస్తులో ఆఫీసు, మెట్ల పక్కన గాజు తలుపున్న ఇరుకు గదిలో నేను. కింద చలి గదులు. పండ్లు ఒకచోట, చేపలు ఒకచోట, మందుల పెట్టెలు ఇంకోచోట. ఆ గదుల్ని చల్లగా ఉంచే యంత్రాలు పగలూ రాత్రీ గొణుగుతూనే ఉండేవి. కొత్తగా చేరినవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. పాతబడ్డాక ఆ గొణుగుడు లేకపోతే ఊపిరి ఆడేది కాదు మాకు.

ఆ యంత్రాలు చూసేది నా మొగుడు. చలి మేస్త్రి అనేవాళ్ళు. పేరుకి యంత్రాల గదిలో ఆయనకో కుర్చీ, బల్ల, బల్ల మీద ముప్పై రెండో నంబరు ఫోను. కూర్చుంటే కదా. ఈ గదిలో గొట్టం కారుతోంది, ఆ గదిలో చలి తగ్గింది అంటూ కాలు నిలిచేది కాదు. అందుకే ఆయనకో అలవాటు ఉండేది. ఏ గదిలోకి వెళ్ళినా పానా కింద పెట్టక ముందే అక్కడి ఫోను ఎత్తి, ఫాలో మీ కోడ్ నొక్కి, తన నంబరు, తన రహస్య అంకెలు నొక్కేవాడు. ఇక ముప్పై రెండుకి ఎవరు చేసినా ఆ గదిలో మోగుతుంది. మనిషి వెంట నంబరు నడుస్తుందన్నమాట. నా బోర్డు అద్దంలో ముప్పై రెండు, పక్కన బాణం, బాణం ముందు ఆ గది నంబరు కనబడేవి.

కాబట్టి ఆయన ఎక్కడున్నాడో నేను అడగక్కర్లేదు. పండ్ల గదిలో ఉన్నాడు. ఇప్పుడు మెట్ల మలుపులో ఉన్నాడు. పైకి వస్తున్నాడు. చీర సర్దుకునేదాన్ని.

"భార్య దగ్గర హాజరు వేయించుకుంటున్నాడ్రా మేస్త్రి," అని గుమాస్తాలు నవ్వేవాళ్ళు.

"మీ ఆవిడలు మిమ్మల్ని ఎక్కడని వెతకాలో తెలియక ఏడుస్తున్నారు, ముందు వాళ్ళ సంగతి చూడండి," అనేదాన్ని.

నేను ఫోను చేస్తే ఆయన హలో అనేవాడు కాదు. "ఇక్కడే ఉన్నా బోర్డమ్మా," అనేవాడు. ఎప్పుడూ అదే మాట.

నలభై నాలుగో గది తలుపుకి లోపలి వైపు పిడి విరిగిపోయింది. అది బాగు చేయించమని ఆయన చెప్పని రోజు లేదు. మేనేజరు విన్నట్టు తల ఊపి మరిచిపోయేవాడు. అది లోతు చలి గది. తలుపు పడితే బయటివాళ్ళు తీయాలి తప్ప లోపలివాళ్ళు తీయలేరు. ఒక మధ్యాహ్నం ఆ గదిలో అమ్మోనియా గొట్టం పగిలింది. ఆ గాలి ఎలా ఉంటుందో తెలుసా మీకు? కళ్ళలో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. గొంతు మూసుకుపోతుంది. అందరూ బయటికి పరిగెత్తారు. ఆయన లోపలికి పరిగెత్తాడు, కవాటం తిప్పాలి కదా. అంత హడావిడిలోనూ ఫోనెత్తి కోడ్ నొక్కాడు. చేతికి అలవాటు. ఆ వెనకే తలుపు పడింది.

ఆ కోడ్ పడిన మరుక్షణమే పైన ఫోన్ల ఇంజనీరు బోర్డుకి కొత్త ప్రోగ్రాం ఎక్కించడం మొదలుపెట్టాడు. అది ఎక్కేంత సేపూ బిల్డింగులో ఏ ఫోనూ పలకదు. అద్దం నల్లగా ఉంది. అది వెలిగీ వెలగగానే నాకు కనబడింది, ముప్పై రెండు, బాణం, నలభై నాలుగు. అప్పటికే మెట్ల మీదికి వాసన పాకింది. నలభై నాలుగు నొక్కాను. మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తలేదు. కాల్ బ్యాక్ మీట నొక్కాను. అంటే, అవతల గదిలో ఎవరైనా ఆ ఫోను ఎత్తి పెట్టగానే నా ఫోను దానంతట అదే మోగుతుంది. నొక్కేసి, బోర్డు వదిలి కిందికి పరిగెత్తాను. తలుపు నేనే లాగాను, చేపల గది ఆడవాళ్ళు నాతోపాటు లాగారు.

గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఫోను వైపు చాచి ఉంది. రిసీవరు పెట్టినది పెట్టినట్టే ఉంది. వేళ్ళకీ దానికీ మధ్య జానెడు.

"ఫోను మోగే సరికే ప్రాణం పోయి ఉంటుందమ్మా, బాధ పడలేదు," అన్నారు పెద్దలు. నన్ను ఓదార్చడానికి అన్నారు. నిజంగా పోయాడా? లేక నా ఫోను వింటూ, అది నేనేనని తెలిసి, ఆ జానెడు దూరం దాటలేక పోయాడా? ఈ ఒక్క ముక్క నన్ను తినేసింది. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుంటే చెవిలో ఆ మోత.

కంపెనీ ఏమందో చెప్పనా. నిబంధన మీరి ఒంటరిగా వెళ్ళాడంది. తప్పు పోయినవాడి మీద వేస్తే వాడు తిరిగి మాట్లాడడు కదా. నేను మాట్లాడాను. గేటు ముందు కూర్చున్నాను. చేపల గది ఆడవాళ్ళు పని ఆపి నా పక్కన కూర్చున్నారు. ఎండలో కూర్చున్నాం, వానలో కూర్చున్నాం, తిట్లు తిన్నాం, తిట్టాం కూడా. చివరికి ప్రతి తలుపుకీ లోపలి వైపు పిడి పడింది. నలభై నాలుగుకి మాత్రం తాళం వేసి సీలు కొట్టారు. లోపల ఫోను తీగ తెంపడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ మనిషి కర్మకాండలు పూర్తి కాకముందే ముప్పై రెండో నంబరు కొత్త స్టోర్ మేనేజరుకి ఇచ్చేశారు. ఆయన కుర్చీ, బల్ల కూడా తీసేశారు. ఫోన్ల ఇంజనీరు వచ్చి పాత పేరు చెరిపి కొత్త పేరు ఎక్కించి పోయాడు. చురుకైనవాడే, కాస్త కళ్ళు నెత్తిమీద ఉండేవి.

నేను మళ్ళీ బోర్డు మీద కూర్చున్నాను. కూర్చోక ఏం చేస్తాను.

కొద్ది రోజులకే కొత్త మేనేజరు గొడవ మొదలుపెట్టాడు. "నా ఫోను మోగదేంటమ్మా? అందరూ చేశామంటున్నారు."

కింద కూలీలు ఇంకో మాట అంటున్నారు, గొంతు తగ్గించి. సీలు కొట్టిన గదిలో ఫోను మోగుతోందని.

ఇంజనీరు వచ్చాడు. నా బోర్డు చూసి నవ్వాడు. "దెయ్యం కాదు, నా బుద్ధి తక్కువ అక్కా. మేస్త్రి గారి ఫాలో మీ తీయకుండానే నంబరు ఇంకొకరికి ఇచ్చేశాను. పాత మళ్ళింపు లోపల ఉండిపోయింది. అలా చేయకూడదని మాకు మొదటి రోజే చెబుతారు."

"చేస్తే ఏమవుతుంది?"

"ఏముంది, నంబరుకి సొంత కుర్చీ ఉండదు. తిరిగి చేరే చోటు లేక ఊరికే తిరుగుతుంది." తను ఏమన్నాడో అప్పుడు తట్టింది కాబోలు, నా ముఖం చూసి తల దించుకున్నాడు. "యంత్రం సంగతి చెబుతున్నా అక్కా."

మళ్ళింపు తీసేశాడు. బాణం పోయింది.

ఇంకో విషయం కూడా చెప్పాడు. నేను ఆ రోజు పెట్టిన కాల్ బ్యాక్ ఇంకా బోర్డులో ఉందట. మామూలుగా తెల్లారేసరికి అదే చెరిగిపోవాలి. ప్రోగ్రాం పూర్తిగా ఎక్కకముందే పెట్టడం వల్ల అతుక్కుపోయింది. "తీసేయనా?" అన్నాడు.

వద్దన్నాను. ఎందుకో నాకే తెలియదు.

మర్నాడు సాయంత్రం బాణం మళ్ళీ వచ్చింది. నలభై నాలుగు.

ఇంజనీరు మళ్ళీ వచ్చాడు, ఈసారి నవ్వలేదు. ఫాలో మీ పడాలంటే ఆ గదిలోనే నిలబడి, అక్కడి ఫోనెత్తి, ఆ మనిషి రహస్య అంకెలు నొక్కాలి. ఇంకో దారి లేదు. ఆ అంకెలు నాకే తెలియవు. గది సీలు చెక్కు చెదరలేదు, నేను తడిమి చూశాను. ఇంజనీరు తీశాడు. మళ్ళీ పడింది. తీశాడు. మళ్ళీ.

"ఈ బోర్డు పెట్టె పాతబడింది," అని కొత్త మేనేజరు తేల్చేశాడు. కొత్త వ్యవస్థ కొన్నారు. పొద్దున వచ్చి పాత బోర్డుని ఊడదీస్తామన్నారు.

ఆ ముందు సాయంత్రం నేను ఇంటికి వెళ్ళలేదు.

అందరూ వెళ్ళిపోయారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గింది. కిటికీ బయట వెలుగు బూడిద రంగుకి దిగింది. ఊడ్చే మనిషి తడిగుడ్డ వాసన, కాగితాల వాసన, పైన తిరుగుతున్న ఫ్యాను కిచకిచ. కింద యంత్రాల గొణుగుడు. అంతా రోజూ ఉండేదే. బోర్డు మీద దుమ్ము పైట చెంగుతో తుడిచాను. పొద్దున పోయే పెట్టెకి తుడుపెందుకని నాకే నవ్వొచ్చింది.

కరెంటు పోయింది.

ఫ్యాను నెమ్మదించి ఆగింది. యంత్రాలు ఆగాయి. ఇన్నేళ్ళలో ఆ బిల్డింగు నోరు మూసుకోవడం నేను వినలేదు. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. నా గాజులు కదిలితే నాకే ఉలికిపాటు. బోర్డు ఒక్కటే దాని బ్యాటరీ మీద పచ్చగా వెలుగుతోంది.

ముప్పై రెండు. బాణం. నలభై నాలుగు.

చూస్తూ కూర్చున్నాను.

నా ఫోను మోగింది... మామూలు మోత కాదు. రెండు పొట్టి గంటలు, ఆగడం, రెండు పొట్టి గంటలు. అది కాల్ బ్యాక్ మోత. అద్దంలో నలభై నాలుగు.

అంటే ఆ గదిలో ఎవరో ఇప్పుడే ఫోనెత్తి పెట్టారు.

అయినా ఎత్తాను. ఎత్తగానే బోర్డు అటువైపు మోగిస్తుంది కదా. రిసీవరులో ఒక మోత, కింద నేల లోపలి నుంచి ఇంకో మోత. రెండూ ఒక్కసారే. మూసిన తలుపు వెనక, మంచు పట్టిన గోడల మధ్య.

మోత ఆగింది. ఎత్తారు.

అమ్మోనియా వాసన. ముందు చాలా సన్నగా... తర్వాత కళ్ళు మండాయి.

"మేస్త్రీ," అన్నాను.

రిసీవరు చెవికి అదుముకున్నాను. ఊపిరి కూడా లేదు. తర్వాత, బావిలోంచి వచ్చినట్టు.

"ఇక్కడే ఉన్నా."

ఏడవలేదు నేను. ఏడిస్తే అడగాల్సింది అడగలేను. "ఆ రోజు... నేను చేసిన ఫోను విన్నావా?"

చుక్క పడిన చప్పుడు.

"మోగుతూనే ఉంది, బోర్డమ్మా," అన్నాడు. "ఇంకా మోగుతూనే ఉంది. చెయ్యి అందడం లేదు."

అర్థమైందా మీకు? నాకు అర్థమైంది. ఓదార్చినవాళ్ళ మాట అబద్ధం. విన్నాడు. ఇప్పటికీ వింటున్నాడు, ఫోనెత్తి నాతో మాట్లాడుతున్నా ఆయనకి అది ఇంకా ఆ మధ్యాహ్నమే. నేను పెట్టిన పిలుపు ఆ పెట్టెలో చెరగకుండా ఉన్నంత కాలం, ఆ గదిలో ఆయన చెవిలో అది ఆగదు. తీసేయనా అని ఇంజనీరు అడిగితే వద్దన్నది నేనే. ఆయన నాకు దక్కిన ఆఖరి ముక్క అదొక్కటేనని పట్టుకు కూర్చున్నాను. నేను పట్టుకున్నది ఆయన గొంతు.

"ఆపేస్తాను," అన్నాను. "ఆపేస్తే మళ్ళీ నీ గొంతు వినబడదు. ఆపేయనా?"

ఏమంటాడు పాపం.

కాల్ బ్యాక్ రద్దు కోడ్ నొక్కాను. టక్కున లైను తెగింది.

నీటి చుక్క కూడా ఆగినట్టుంది. రిసీవరు చెవి నుంచి దించలేదు నేను, దించితే అంతా అయిపోతుందని.

అద్దం మారింది.

ముప్పై రెండు, బాణం, యంత్రాల గదిలో గోడకి ఉన్న ఫోను నంబరు. ఒకప్పుడు ఆయన కుర్చీ ఉన్న చోటు. అక్కడ కాసేపు ఆగింది. కుర్చీ కోసం చూసుకున్నాడేమో.

కింద ఎక్కడో రిసీవరు ఎత్తిన చప్పుడు. పెట్టిన చప్పుడు.

ముప్పై రెండు, బాణం, మెట్ల మలుపు.

పైకి వస్తున్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నా, చీర సర్దుకున్నాను. వాసన దట్టమైంది. గాజు తలుపు మీద బయటి వైపు నుంచి మంచు పొగ పట్టింది, ఊదినట్టు, కొంచెం కొంచెంగా. తలుపు కదల్లేదు. గదిలో నేనొక్కదాన్నే.

ముప్పై రెండు. బాణం. తొమ్మిది.

తొమ్మిది నాది. ఆ కోడ్ పడాలంటే నా ఫోను ఎత్తాలి, నా మీటలు నొక్కాలి. నా ఫోను నా చేతిలోనే ఉంది. మీటల మీద నా వేళ్ళు తప్ప లేవు... వేళ్ళ కింద మీటలు మాత్రం చల్లగా ఒక్కొక్కటే లోపలికి దిగి పైకి లేచాయి.

రిసీవరు మీద తెల్లగా మంచు పేరుకుంది. పెదవులకి తగిలి అంటుకుంది. నేను తీయలేదు.

"ఇక్కడే ఉన్నా," అన్నాను. ఈసారి నేను అన్నాను.

కరెంటు వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.

పొద్దున ఇంజనీరు వచ్చేసరికి బాణం తొమ్మిది మీదే ఉంది. నా పెదవి చర్మం లేచిపోయి ఉంది. అతను రెండూ చూశాడు.

"బాబూ," అన్నాను, "ఒక్క పని చెయ్. ముప్పై రెండు ఆయన పేరుకి ఎక్కించు. యంత్రాల గదిలో ఆయనకో ఫోను, ఒక కుర్చీ పెట్టు. ఈ బాణం అక్కడ తీసి, ఆయన్ని కూర్చోబెట్టి, ఆ తర్వాత తీగ పీకు."

"చేస్తానక్కా," అని మీటల మీదికి వంగాడు. చేసేవాడే. వెనక కొత్త మేనేజరు నిలబడి ఉన్నాడు. "పాత ఇనుముతో ఈ ముచ్చట్లేంటి పొద్దున్నే," అని చెయ్యి చాచి తీగ పీకేశాడు.

అద్దం నల్లబడింది. పెట్టెని ఇద్దరు మోసుకుపోయారు. సెకండ్ హ్యాండు సామాన్లవాడి బండి మీద, పాత బల్లల మధ్య, దుప్పటి కూడా కప్పకుండా. బండి మలుపు తిరిగేదాకా చూశాను.

కరెంటు తీస్తే లోపలిదంతా చెరిగిపోతుందని ఇంజనీరు ఒట్టేసి చెప్పాడు. నమ్మాను. నమ్మితే సుఖం కదా.

కానీ చాలా కాలం తర్వాత ఆ ఇంజనీరే నా ఇంటికి ఫోను చేశాడు. గొంతు మారింది, ముసలివాడయ్యాడు వాడూ. ఆ పెట్టె ఇంకో ఆఫీసులో చూశాడట. కొత్త ప్రోగ్రాం తనే ఎక్కించాడట, ఖాళీ పలక మీద రాసినట్టు. అక్కడ ముప్పై రెండో నంబరు ఎవరికీ ఇవ్వలేదు. అయినా వారం తిరగకుండా అక్కడి బోర్డు అమ్మాయి అద్దం చూపించిందట. ముప్పై రెండు, బాణం, తొమ్మిది.

"అయితే తొమ్మిదిని ఎత్తమను," అన్నాను.

"అక్కా," అన్నాడు. "ఆ ఆఫీసులో తొమ్మిదో నంబరే లేదు. కానీ మోగుతోంది. గోడ వెనక నుంచి వినబడుతోందట. అవతల గది లేదు, ఒట్టి గోడే."

నేను వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో బస్సులు మారి వెళ్ళాను. అప్పటికే ఆ మోత భరించలేక పెట్టెని అమ్మేశారు. కొన్నవాడు ఇంకొకడికి అమ్మాడు. ఆ తర్వాత ఆచూకీ లేదు. ఏ ఆఫీసులో ఉందో, ఏ మెట్ల కింద ఉందో. ఆయన నా నంబరు పట్టుకుని నా దగ్గరికే వస్తున్నాడు, నేను అక్కడ లేను. తొమ్మిది ఎత్తాల్సింది నేను. ఒకసారి ఆ మోత ఆపాను. మళ్ళీ మొదలైంది. ఆయన చెయ్యి మళ్ళీ చాచి ఉంటుంది.

మీ బోర్డు పాతదైతే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరినైనా అడిగి చూడండి. రిసీవరు చల్లగా తగిలితే భయపడకండి, పారేయకండి, ఇంకొకరికి అమ్మకండి. ఆయన ఎవరి జోలికీ పోయే మనిషి కాదు. ఒక కుర్చీ వేయండి చాలు, మిగతాది నేను వచ్చి చూసుకుంటాను.

ఇప్పుడు చెప్పండి. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మీ ఆఫీసులో మోగే ఆ ఫోను, ఏ గోడ వెనక నుంచి వినబడుతోంది?